ముప్ఫై ఎనిమిది మందీ తిరిగి వచ్చారు

తొరూన్,
1974 మే 14, మంగళవారం

అన్నయ్యా,

ఇక్కడ నా కాళ్లు తప్ప అంతా క్షేమమే. ఈ ఉత్తరం కంటే ముందు నేనే ఇల్లు చేరతానేమో, అయినా రాస్తున్నాను. హోటల్లో ఉత్తరాల కాగితం ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చినదాన్ని వదలడం నాకు చేతకాదని నీకు తెలుసు.

మన పాల సహకార సంఘం పింఛనుదారులం ముప్ఫై ఎనిమిది మందిమీ బాగానే ఉన్నాం. బస్సు అద్దానికి "సాంస్కృతిక, చారిత్రక యాత్ర, మూడు రోజులు" అని కాగితం అంటించారు. అందుకని ఎవరూ నవ్వడం లేదు. మా నాయకుడు కురోవ్‌స్కి గారు పేర్ల పట్టిక ఉన్న అట్ట చంకలో పెట్టుకుని ప్రతి గుమ్మం దగ్గరా మమ్మల్ని లెక్కపెడుతున్నారు. చర్చిలోకి వెళ్లేటప్పుడు ఓసారి, బయటికొచ్చేటప్పుడు ఓసారి. నిన్న కోపర్నికస్ పుట్టిన ఇంట్లో లెక్క ఒకటి ఎక్కువొచ్చింది. మళ్లీ లెక్కపెడితే కురోవ్‌స్కి గారు అద్దంలో తననే కలుపుకున్నారని తేలింది.

ఇక్కడ ఒక వాలిన బురుజు ఉంది. దాని గోడకి వీపు, మడమలు ఆనించి, చేతులు ముందుకి చాపి నిలబడాలి. పాపం చేసినవాళ్లు ముందుకి పడిపోతారట. ముప్ఫై ఎనిమిది మందీ పడ్డారు. కురోవ్‌స్కి గారు మాత్రం "నేను డ్యూటీలో ఉన్నానమ్మా" అని అసలు నిలబడలేదు.

"పాత కుర్చీలు చూడ్డానికి తొరూన్ దాకా ఎందుకు, మన ఇంట్లో లేవా?" అన్నావు కదా బయల్దేరేటప్పుడు. ఇక్కడివి ఇంకా పాతవి. రేపు కస్టెలన్ భవనం అని ఒక పాత ప్రభువుగారి ఇల్లు చూపిస్తారు. తర్వాత మూడింటికి బస్సు. కొత్త బూట్లు కరిచి చంపుతున్నాయి. ఎక్కడైనా ఓ పావుగంట కూర్చోనిస్తే చాలు అనిపిస్తోంది.

చారుకి పులియబెట్టిన రై పిండి కింద మాళిగలో, మట్టి జాడీలో ఉంది. రోజుకోసారి కలుపు. కలపడమంటే మూత తీసి, చూసి, మళ్లీ మూత పెట్టడం కాదు.

తేనె రొట్టెలు కొన్నాను, నీ పళ్లకి మెత్తగా ఉండేవే.

నీ చెల్లెలు,
పోలా


ఓల్షినీ,
మే 17, శుక్రవారం

విషయం: నీవు వచ్చియుండుట మరియు రాకపోవుట.

చెల్లీ,

ఈ ఉత్తరం ఏ చిరునామాకి రాయాలో నాకు తోచలేదు. చివరికి "కస్టెలన్ భవనం మ్యూజియం, ఏడో గది, కుర్చీ" అని రాశాను. ఆ చిరునామా చెప్పింది నీ బదులు వచ్చిన జెనోబియా గారు.

వరసగా చెబుతాను. బుధవారం సాయంత్రం పాల సంఘం ముందు బస్సు ఆగింది. కురోవ్‌స్కి గారు ఒక్కొక్క పేరే చదివారు. పేరు పిలవగానే మనిషి దిగడం, ఇంటివాళ్లు సంతకం పెట్టి తీసుకెళ్లడం. పద్ధతి చక్కగా ఉందని మనసులో మెచ్చుకున్నాను కూడా. చివరికి పట్టికలో ఒక్క పేరు మిగిలింది, నీది. బస్సులో ఒక్క మనిషి మిగిలింది. కాగితం నా చేతికొచ్చింది. "అపోలోనియా, ఒకరు, క్షేమంగా అప్పగించడమైనది." మునిసిపల్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు నివాసుల రిజిస్టరు రాసినవాణ్ణి నేను. కాగితంలో వంక పెట్టడానికేమీ లేదు. సంతకం పెట్టి, సీటు మీదున్న నీ సంచీ అందుకుని, ముందు నడిచాను.

దారి పొడుగునా నీకు చెప్పాల్సినవన్నీ చెప్పాను. జాడీ కలిపానని, అయినా బూజు పట్టిందని, నీ ప్రయాణం వల్ల నా నడుం నొప్పి తిరగబెట్టిందని. నువ్వు ఒక్క మాటా అనలేదు. అది నాకు కొత్తగా అనిపించలేదు.

గుమ్మం దగ్గర వెనక నుంచి "ఉన్ని చెప్పులు ఎక్కడ?" అని వినిపించింది. అప్పుడు తిరిగి చూశాను. ఆవిడ నీకంటే జానెడు పొడుగు. కళ్లజోడు కూడా ఉంది.

"ఎవరండీ మీరు?" అన్నాను.

"ఏడో గది కాపలా," అంది.

"మరి మా చెల్లెలేదీ?"

"నాకేం తెలుసండీ? ఇరవయ్యారేళ్లు కదలని కుర్చీలో కూర్చున్నా. వాన చూద్దామని బయటికొస్తే బస్సు తలుపు తీసుంది, సీటు ఖాళీగా ఉంది. కూర్చున్నా. కదిలింది."

"ఎవరూ అడగలేదా మిమ్మల్ని?"

"అడగలా. లెక్కపెట్టారు. సరిపోయింది."

నీ పక్క సీట్లో కూర్చున్న కునెగుండా గారిని నిలదీశాను. "చూశానండీ, చూడకేం? జుట్టు కత్తిరించుకుందేమో అనుకున్నా. పట్నం పోయొస్తే మనిషి మారదా ఏంటి?" అంది.

పాత కుర్చీల మాటకి నీకు కోపం వచ్చిందా? వస్తే వచ్చిందని చెప్పాలి గానీ మనిషిని మార్చి పంపడం మర్యాద కాదు.

త్వరితముగా జవాబు కోరుతూ,
వలేరియన్ (రిటైర్డు)


తొరూన్,
మే 21

అన్నయ్యా,

నీ ఉత్తరం నేరుగా కుర్చీకే వచ్చింది. పోస్టుమాన్‌ని కూడా ఉన్ని చెప్పులు తొడుక్కుంటే గానీ లోపలికి రానివ్వలేదు. బూట్ల మీదే తొడుక్కుని తాళ్లు కట్టుకోవాలి, లేకపోతే చెక్క నేల గీసుకుపోతుంది. ఆయన గొణిగాడు. నేను ఒప్పుకోలేదు.

జరిగింది ఇది. ఏడో గదికి వచ్చేసరికి నా కాళ్లు ఇక మొరాయించాయి. మూల ఒక కుర్చీ ఖాళీగా ఉంది, వీపు మీద బూడిదరంగు స్వెట్టరు వేలాడుతోంది. కూర్చున్నాను. బూట్ల తాళ్లు వదులు చేసుకుంటున్నాను. అంతలో ఒక పెద్దమనిషి గడియారం ముల్లు మీదకి వేలు పోనిచ్చాడు. "ముట్టుకోకండి!" అన్నాను. నా నోట్లోంచే వచ్చింది. ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని "క్షమించండి" అన్నాడు.

అన్నయ్యా, నేనొక మాటంటే ఒక మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాని గురించి కాస్త ఆలోచిస్తూ కూర్చుండిపోయాను. ఆలోచన అయ్యేసరికి బస్సు వెళ్లిపోయింది.

వాన పడుతోంటే ఆ స్వెట్టరు వేసుకున్నాను. జేబులో తాళంచెవి, దానికి చిరునామా చీటీ ఉన్నాయి. అక్కడికి వెళ్తే ఇంటావిడ, చూపు సరిగ్గా ఆనదు, "వచ్చావా జెనోబియా, దుంపలు ఉడికాయి" అంది. నేను జెనోబియాని కాదన్నాను. "ఏ పేరైతేనేం, చల్లారిపోతాయి, తిను" అంది. తిన్నాను.

పొద్దున్నే మిలీషియా ఠాణాకి వెళ్లాను. వాళ్లు ఓల్షినీకి ఫోన్ చేశారు. చేసి, నా వైపు జాలిగా చూశారు.

"అమ్మా, మీరు నిన్ననే ఇంటికి చేరారు. మీ అన్నగారు సంతకం పెట్టి తీసుకున్నారు."

"నేను ఇక్కడ నిలబడి ఉన్నాను కదండీ!"

"నిలబడితే నిలబడండి. తప్పిపోయిన మనిషి మాత్రం కారు."

స్వెట్టరు అప్పగిద్దామని మ్యూజియంకి వెళ్తే డైరెక్టర్ లెస్నియాక్ గారు మెట్ల మీద ఎదురయ్యారు. స్వెట్టరు చూశారు. "ఏడో గది ఖాళీగా ఉంది, నడవండి నడవండి" అన్నారు. నడిచాను.

కోపమా అని అడిగావు. ఏ మాటకో తేల్చుకోలేకపోతున్నాను, చాలా ఉన్నాయి. నీ సంగతి చెప్పు. నేను రాని రోజే ఇంకొకావిణ్ణి ఇంట్లో దించుకున్నావు. నా మంచం ఇచ్చావా? నీలం అంచు కప్పు ఇచ్చావా? పైగా మర్యాద గురించి నాకు చెబుతావు.

నా గుర్తింపు కార్డు ఆ సంచీలోనే ఉంది. అది లేకపోతే ఎక్కడా నన్ను మనిషిగా లెక్కపెట్టరు. పంపించు. అంత తొందరేం లేదు.

ఏడో గది నుంచి,
పోలా


ఓల్షినీ,
మే 25, శనివారం

విషయం: గృహమున ఏర్పడిన పరిస్థితి.

చెల్లీ,

నీ మంచం ఎవరికీ ఇవ్వలేదు. జెనోబియా గారు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వరు, తానూ ముట్టుకోరు. కుర్చీలోనే కునుకు తీస్తారు. హాలు మూల కుర్చీ వేసుకుని రోజంతా నన్ను చూస్తున్నారు. అద్దాల బీరువా తెరవబోతే "ముట్టుకోకండి." గోడ గడియారానికి కీ ఇవ్వబోతే "ముట్టుకోకండి." అందుకని గడియారం ఆగిపోయింది. ఆగాకే అసలైన పాత వస్తువులా ఉందని ఆవిడ అన్నారు. నాన్నగారి పడక కుర్చీకి బట్టలు ఆరేసే తాడు కట్టేశారు. చారు ఆవిరి తగిలితే గోడ మీది బొమ్మ పాడవుతుందట, కాబట్టి నేను నడవాలో నిలబడి తింటున్నాను. ఆ బొమ్మ పాల సంఘం క్యాలెండరు.

నీ పాత దుప్పటి కత్తిరించి పన్నెండు జతల చెప్పులు కుట్టారు. ఉప్పు అప్పడగడానికొచ్చిన కునెగుండా గారు ఆ చెప్పులు తొడుక్కుని, ఎడమ నుంచి కుడికి ఇల్లంతా చూసి, ఉప్పు మర్చిపోయి వెళ్లింది. "మీ ఇల్లింత చరిత్రాత్మకమని తెలీదండీ" అంది. మర్నాడు చుట్టాలతో వచ్చింది. గురువారం బడి పంతులమ్మ ఒక తరగతిని తీసుకొచ్చింది. ఒక పిల్ల నా వైపు వేలు చూపించి "ఈయన ఏ శతాబ్దం?" అని అడిగింది. "ఇంకా తేల్లేదు" అన్నారు జెనోబియా గారు.

దిద్దుబాటుకి కురోవ్‌స్కి గారి దగ్గరికి వెళ్లాను. "మీరు తప్పు మనిషిని తీసుకున్నానంటే, నేను తప్పు మనిషిని తెచ్చానన్నట్టేగా? అలా జరగలేదు. పట్టిక ఉంది," అన్నాడు. పట్టిక చూపించాడు. ముప్ఫై ఎనిమిది సంతకాలు. అన్నిటికన్నా అందంగా ఉన్నది నాదే.

కార్డు పంపడం కుదరదు. పంపితే నువ్వు అక్కడున్నావని నేను ఒప్పుకున్నట్టవుతుంది. నువ్వే వచ్చి తీసుకెళ్లు.

నీ మాటకి ఎవరో చెయ్యి వెనక్కి తీసుకున్నాడని రాశావు. జ్వరం గానీ తగిలిందా? ఇంట్లో రోజుకి పది మాటలైనా మాట్లాడవు, నువ్వు ఊరివాళ్లని గదమాయించడమేంటి? వచ్చెయ్. నాకు ఆకలేస్తోంది.

ఇట్లు,
నడవా నుంచి,
వలేరియన్


తొరూన్,
మే 30

అన్నయ్యా,

జ్వరం లేదు. పది మాటలు ఎందుకో చెబుతాను, విను. మన ఇంట్లో మాటలన్నీ నీవే. పొద్దున పత్రిక చదివి దేశం సంగతి చెబుతావు, మధ్యాహ్నం నడుం సంగతి, సాయంత్రం ఆఫీసు రోజుల సంగతి. నేను నోరు తెరిచేసరికి నీకు నిద్రొస్తుంది. అమ్మ పోయినప్పటి నుంచి నలభై ఏళ్లు అలాగే గడిచాయి. నాకు బాధగా ఉండేది. నీకు చెప్పలేదు, చెప్పడానికి సందు దొరకలేదు.

ఇక్కడ ఏడో గదిలో ఒక పెద్ద బొమ్మ ఉంది. కిటికీ పక్కన నిలబడిన ఒక ఆడమనిషి. కింద ఇత్తడి రేకు మీద "అజ్ఞాత చిత్రకారుడు. అజ్ఞాత మహిళ" అని ఉంది. మొదటి వారం ఒక బడి పిల్లలు వచ్చి "ఈమె ఎవరండీ?" అని అడిగారు. తెలీదని చెబితే సరిపోయేది. ఆ పిల్లల మొహాలు చూసి చెప్పలేకపోయాను.

"ఈవిడ అన్నగారింట్లో ఉండేదమ్మా," అన్నాను. "ఆయనకి వండి పెట్టేది. బొత్తాలు కుట్టేది. ఆయన మంచివాడే, కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఒకరోజు ఆవిడకి కాళ్లు నొప్పిపుట్టి కూర్చుంది. అంతే, లేవలేదు."

"అంతేనా? తర్వాతేమైంది?"

"రేపు రండి, చెబుతా," అన్నాను. తర్వాతేమైందో అప్పటికి నాకే తెలియదు కదా.

వాళ్లు నిజంగానే వచ్చారు అన్నయ్యా. అమ్మల్ని తీసుకొచ్చారు. ఇప్పుడు పదకొండు గంటలకి ఏడో గదిలో నిలబడ్డానికి చోటుండదు. నిన్న వార్సా నుంచి ఎవరో పండితుడు వచ్చి, ఈ వివరాలకి ఆధారమేమిటని అడిగాడు. "నేనే" అన్నాను. ఆయన రాసుకున్నాడు. డైరెక్టరు గారు ఇత్తడి రేకు మీద "అజ్ఞాత మహిళ" తీసేయించి "ఒకరి చెల్లెలు" అని చెక్కించారు.

జెనోబియా గారి రాజీనామా వచ్చింది. "ఓల్షినీలో కొత్త మ్యూజియంలో చేరాను. ఇక్కడ వస్తువులు తక్కువ, పాతదనం ఎక్కువ" అని రాశారట. కాబట్టి కుర్చీ నాకే ఇస్తామంటున్నారు. ఒక్కటే అడ్డం. నేను మన ఇంటి నుంచి వెళ్లిపోయినట్టు మన మునిసిపల్ ఆఫీసు కాగితం కావాలి. దానికి ఇంటి యజమాని సంతకం కావాలి, అంటే నీది. జూన్ ఇరవైలోగా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు.

ఫారం ఇందులో పెట్టాను. నాకు ఈ కుర్చీ కావాలి అన్నయ్యా. జన్మలో నిన్ను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. సంతకం పెట్టు.

పోలా


ఓల్షినీ,
జూన్ 4, మంగళవారం

విషయం: తిరస్కరణ.

పెట్టను.

నీ కథలోని అన్నగారు ఎవరో నాకు తెలియకపోలేదు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు అని పదిమందిలో చెప్పడం కంటే కొట్టేవాడని చెప్పినా బాగుండేది.

వచ్చే మంగళవారం, పదకొండో తేదీ, నేనే రైలెక్కి వస్తున్నాను. నీ కార్డు తెస్తాను, నిన్ను తీసుకొస్తాను. జెనోబియా గారిని అడిగాను, ఆవిడ కదలరట, ఆ రోజు పక్క ఊరి నుంచి బృందం వస్తోందట. అదంతా తర్వాత చూసుకోవచ్చు. సామాను సర్దుకుని ఉండు.

వలేరియన్


తొరూన్,
జూన్ 12

అన్నయ్యా,

నువ్వు రాలేదు.

పొద్దుటే సామాను సర్దాను. సామానంటే ఏముంది, తేనె రొట్టెల పొట్లం, రెండు జతల మేజోళ్లు. నువ్వు గుమ్మంలోకి రాగానే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. రానని చెప్పడమా, నీతో వచ్చెయ్యడమా అని మధ్యాహ్నం దాకా తేలలేదు. తేలక్కర్లేకపోయింది. మ్యూజియం మూసేదాకా తలుపు వైపు చూస్తూనే ఉన్నాను, రెండుసార్లు కథ మధ్యలో తప్పిపోయాను కూడా. రైలు తప్పిందా, నడుం పట్టేసిందా? ఒక్క కార్డు ముక్క రాయలేకపోయావా? నీకు కోపం వచ్చి మానేశావంటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

పోలా


ఓల్షినీ,
జూన్ 14, శుక్రవారం

పోలా,

నేను వచ్చాను.

పదింబావుకి వచ్చాను. టిక్కెట్టు కొన్నాను. కింద ఉన్ని చెప్పుల తాళ్లు కట్టుకోవడానికి నడుం వంగలేదు. తలుపు దగ్గరున్న ఆవిడ వంగి కట్టింది. ఇంట్లో నా బూట్ల తాళ్లు ఎవరు కడతారో అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ అవి వాటంతటవే కట్టుకుంటున్నట్టు ఉండేది నాకు.

నిన్ను చెయ్యి పట్టుకుని లాక్కొద్దామనే వచ్చాను, అబద్ధం చెప్పను. ఏడో గదిలో జనం నిండా ఉన్నారు. పంతుళ్లు, ఇద్దరు సన్యాసినులు, ఒక సైనికుడు. వెనక వరసలో నిలబడ్డాను. తర్వాత ముందుకి తోసుకుని బొమ్మకి అడ్డంగా కట్టిన తాడు మీద చెయ్యి వేశాను. నువ్వు నా వైపే చూసి, "అయ్యా, తాడు మీద చెయ్యి వెయ్యకూడదు. ఒక్క అడుగు వెనక్కి," అన్నావు.

వెనక్కి వేశాను. నా మీద నువ్వు గొంతు పెంచడం అదే మొదటిసారి. నన్ను గుర్తుపట్టలేదు నువ్వు. ఎందుకని ఇంటికొచ్చాక జెనోబియా గారిని అడిగాను. "ఆ కుర్చీలో కూర్చున్నాక మనుషుల చేతులే చూస్తామండీ, మొహాలు కాదు. చేతులు చూస్తోందంటే మీ చెల్లెలికి పని వచ్చేసినట్టే," అన్నారు.

గంటా ఇరవై నిమిషాలు నిలబడి నీ కథ విన్నాను. నడుం నొప్పి తెలియలేదు. నీ గొంతు అంత బావుంటుందని నాకు తెలియదు. అన్నగారి గురించి చెడ్డగా ఏమైనా అంటావేమో, ఆ మాట పట్టుకుని ముందుకొద్దామని కాచుకున్నాను. ఒక్కటీ అనలేదు. ఆయనకి చేపలో ముళ్లు తీసి పెట్టేదని చెప్పావు. ఆయన పాత ఆఫీసు కబుర్లు ఆవిడకి బాగానే ఉండేవని కూడా చెప్పావు. ఆ సైనికుడు కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడొక సన్యాసిని అడిగింది. "మరి ఆవిడ ఇంట్లో లేకపోతే అన్నగారు వెతకలేదా అమ్మా?"

"వెతకలేదండీ," అన్నావు. "ఆవిడ ఇంట్లోనే ఉన్నట్టు ఆయన దగ్గర కాగితం ఉంది."

అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నేను నవ్వలేక బయటికి వచ్చేశాను. నదొడ్డున బెంచీ మీద కూర్చుని ఏడ్చాను పోలా. తర్వాత రైలెక్కాను.

నిన్న మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి నీ ఫారం ఇచ్చాను. నా కుర్చీలో ఇప్పుడొక అమ్మాయి ఉంది. యజమాని సంతకం ఉంది, తేదీ ఉంది, అన్నీ ఉన్నాయి. "వెళ్లిపోవుటకు కారణం అన్న గడి ఖాళీగా ఉందండీ" అంది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ గడిలో నేను జనం చేత రాయించాను. పెళ్లి, ఉద్యోగం, చదువు, ఈ మూడే ఒప్పుకునేవాణ్ణి. కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. వెనక వరస గొణగడం మొదలెట్టింది. చివరికి "నేను చూడలేదు" అని రాశాను.

"ఇలాంటి కారణం జాబితాలో లేదండీ" అంది.

"లేకపోతే చేర్చుకోమ్మా. నాకంటే నీకు ఎక్కువ తెలుసా?" అన్నాను. ముద్ర వేసింది.

ఆ కాగితం, నీ గుర్తింపు కార్డు ఇందులో పెట్టాను. రిజిస్టర్డు పోస్టులో పంపుతున్నాను, ఇరవయ్యో తేదీకి ముందే అందుతుంది. ఇక్కడ నా గురించి బెంగపడకు, చారు కాచడం నేర్చుకున్నాను, ఉప్పు ఎక్కువైంది.

వచ్చే మంగళవారం మళ్లీ వస్తాను. ఈసారి ముందు వరసలో నిలబడతాను. ఒక్కసారి చేతులు వదిలేసి మొహం చూడు.

మీ అన్నయ్య